బెంగళూరులో కారు అద్దాలకు సన్ ఫిల్మ్ వేయించుకోవాలంటే

జె.సి. రోడ్డులో ఏ కారు యాక్సెసరీల దుకాణం ముందు బండి ఆపినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఎంత పర్సెంట్ వేయమంటారు సార్?" దానికి సరైన జవాబు చెప్పాలంటే మీ అద్దంలోంచి ఇప్పటికే ఎంత వెలుగు లోపలికి వస్తోందో, చట్టం ప్రకారం ఎంత రావాలో, మిమ్మల్ని అసలు ఇబ్బంది పెడుతున్నది వెలుగో వేడో ముందుగా తెలిసి ఉండాలి. ఈ మూడూ తెలియకుండా చెప్పే అంకె ఏదైనా గుడ్డి లెక్కే అవుతుంది. ఫిల్మ్ ఎంత నల్లగా ఉంటే కారు అంత చల్లగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. నలుపుకూ చల్లదనానికీ ఉన్న సంబంధం వాళ్ళు అనుకున్నంత లేదు కానీ, నలుపుకూ చలానాకూ ఉన్న సంబంధం మాత్రం చాలా దగ్గరిది.

ముందు మీ అద్దాన్ని చదవండి

కారు నీడలో ఉన్నప్పుడు ఒక్కొక్క అద్దం కింది మూలను దగ్గరగా చూడండి. అక్కడ గాజులోనే చెక్కినట్టుగా చిన్న ముద్ర ఉంటుంది. తయారుచేసిన కంపెనీ పేరు, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే ప్రమాణం సంఖ్య, గాజు లామినేటెడ్‌దో (పొర అతికించినదో) టఫెన్డ్‌దో (గట్టిపరచినదో) అనే వివరం అందులో కనిపిస్తాయి. ముందు అద్దం తప్పనిసరిగా లామినేటెడ్ గాజే. రెండు గాజు పలకల మధ్య పలుచని ప్లాస్టిక్ పొరను అతికించి దాన్ని తయారుచేస్తారు. రాయి తగిలినప్పుడు ముక్కలు ముఖం మీద పడకుండా పట్టి ఉంచే ఆ పొరే అతినీలలోహిత (యూవీ) కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది. అంటే చర్మానికి హాని చేసే కిరణాల నుంచి ముందు అద్దం మిమ్మల్ని కొన్న రోజు నుంచే కాపాడుతోంది.

డోరు అద్దాల సంగతి వేరు. ఇవి సాధారణంగా టఫెన్డ్ గాజుతో చేసినవి, మధ్యలో ప్లాస్టిక్ పొర ఉండదు. చర్మాన్ని ఎర్రగా కమిలిపోయేలా చేసే యూవీ-బీ కిరణాలను మామూలు గాజే చాలావరకు ఆపేస్తుంది. అయితే చర్మం లోతుకు వెళ్ళి నెమ్మదిగా నలుపు, ముడతలు తెచ్చే యూవీ-ఏ కిరణాల్లో చెప్పుకోదగ్గ భాగం ఆ గాజును దాటి వస్తుంది. ఎంత వస్తుందన్నది గాజు రంగును బట్టీ మందాన్ని బట్టీ మారుతుంది. అద్దాన్ని సగం దించి దాని అంచును చూస్తే ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. ఆ ఛాయ ఎంత గాఢంగా ఉంటే కంపెనీ నుంచే అంత వడపోత వచ్చిందని స్థూలంగా అనుకోవచ్చు. మీ మోడల్ వివరాల పత్రంలో "యూవీ కట్ గ్లాస్" అన్న మాట ఉందేమో కూడా ఒకసారి వెతకండి. ఉంటే మీ పని సగం తగ్గినట్టే.

ఇక అసలు కొలత. అద్దం గుండా కంటికి కనిపించే వెలుగు ఎంత శాతం దాటుతుందో చెప్పే అంకెను వీఎల్‌టీ అంటారు. ఫిల్మ్ వేసే మంచి దుకాణాల్లో దీన్ని కొలిచే చిన్న మీటరు ఉంటుంది. రెండు ముక్కలను అద్దానికి అటూ ఇటూ ఆనిస్తే తెర మీద అంకె వస్తుంది. కొలిచే ముందు అద్దాన్ని రెండు వైపులా తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి, ఎందుకంటే మన ఔటర్ రింగ్ రోడ్డు దుమ్ము పొర కూడా అంకెను కిందికి లాగుతుంది. నాలుగు డోరు అద్దాలనూ వెనుక అద్దాన్నీ విడివిడిగా కొలిపించి కాగితం మీద రాసుకోండి. మీటరు లేని దుకాణంలో ఫిల్మ్ వేయించుకోవద్దన్నది నా గట్టి సలహా. కొలవకుండా "నేను చూసే చెప్పేస్తా సార్" అనేవాడు మీ చలానా కట్టడానికి రాడు.

ఎండ మీకు ఏ వైపు నుంచి తగులుతోంది

ఫిల్మ్ అన్ని అద్దాలకూ అవసరం ఉండకపోవచ్చు. మీరు రోజూ ఏ వేళలో ఏ దిక్కుగా నడుపుతారన్న దాన్ని బట్టి ఏ అద్దానికి పని ఉందో తేలుతుంది. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఎండ కారు పైకప్పు మీద పడుతుంది తప్ప డోరు అద్దాల్లోంచి నేరుగా లోపలికి రాదు. బెంగళూరులో ఏప్రిల్ 24 ప్రాంతంలోనూ, మళ్ళీ ఆగస్టు 18 ప్రాంతంలోనూ మిట్టమధ్యాహ్నం నిలువు వస్తువుకు నీడే పడదు. డోరు అద్దాల్లోంచి ఒంటి మీద పడేది పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండానే, అవే మన ఆఫీసు వేళలు.

సిల్క్ బోర్డు వైపు ఉండి హెబ్బాళ వైపు ఉద్యోగానికి వెళ్ళేవారిని తీసుకోండి. పొద్దున ఉత్తరం వైపు నడుపుతుంటే తూర్పు కుడిచేతి పక్కన ఉంటుంది. సాయంత్రం దక్షిణానికి తిరిగి వస్తుంటే పడమర కూడా కుడిచేతి పక్కకే వస్తుంది. అంటే రెండు పూటలా డ్రైవరు కుడిచేయే ఎండకు కాలుతుంది. హెబ్బాళలో ఉండి ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్ళేవారికి ఇది సరిగ్గా తిరగబడుతుంది, రెండు పూటలా ఎండ ఎడమవైపు కూర్చున్నవారిదే. నగరం మధ్యలోంచి వైట్‌ఫీల్డ్‌కు వెళ్ళేవారికైతే వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ సూర్యుడు ఎదురుగానే ఉంటాడు. వాళ్ళకు డోరు ఫిల్మ్ కన్నా సన్ వైజరూ, మంచి కళ్ళద్దాలూ, మచ్చ లేకుండా తుడిచిన ముందు అద్దమూ ఎక్కువ ఉపయోగపడతాయి. పిల్లలను వెనుక సీటులో కూర్చోబెట్టుకుని తిరిగేవారు ఆ సీటు ఏ వైపు ఉందో కూడా చూసుకోవాలి. కొన్నిసార్లు చైల్డ్ సీటును ఎడమ నుంచి కుడికి మార్చితే సమస్య తీరిపోతుంది, పైసా ఖర్చు ఉండదు.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల గాలి చల్లగా తగులుతుంది. చెన్నై నుంచో విజయవాడ నుంచో వచ్చినవారికి ఇక్కడి ఎండ ఎండలా అనిపించదు. అతినీలలోహిత కిరణాలకు మాత్రం గాలి చల్లదనంతో పని లేదు, పైగా ఎత్తు పెరిగేకొద్దీ అవి కాస్త ఎక్కువే అవుతాయి.

చట్టం ఏమంటోంది

ఈ భాగాన్ని నిదానంగా చదవండి, ఎందుకంటే దుకాణదారు చెప్పేదీ, పక్కింటి బాబాయిగారు చెప్పేదీ, కూడలిలో పోలీసు చెప్పేదీ ఒకదానితో ఒకటి కలవవు. మూడింటికీ ఏదో ఒక ఆధారం ఉండడమే ఇందులోని తమాషా.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 100వ నిబంధన కారు అద్దాల గురించి చెబుతుంది. ముందు అద్దంలోంచీ వెనుక అద్దంలోంచీ కనీసం 70 శాతం వెలుగు, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుగు లోపలికి రావాలి. వెనుక అద్దానికి కూడా 70 అన్నది చాలామందికి తెలియదు. "వెనుక ఎంతైనా వేసుకోవచ్చు" అన్న మాట ఎక్కడ పుట్టిందో కానీ దానికి మన దేశపు నిబంధనల్లో చోటు లేదు.

2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్. కపాడియా, న్యాయమూర్తులు ఎ.కె. పట్నాయక్, స్వతంత్ర కుమార్ ఆ ధర్మాసనంలో ఉన్నారు. కంపెనీ తయారుచేసినప్పుడే గాజు లేత రంగుతో 70, 50 శాతం పరిమితుల్లో ఉంటే అభ్యంతరం లేదనీ, ఆ తర్వాత గాజు మీద ఏ శాతం ఫిల్మ్ అయినా, మరే వస్తువైనా అతికించకూడదనీ ఆ తీర్పు చెప్పింది. అదే ఏడాది మే 4 నుంచి అది అమలులోకి వచ్చింది. చలానా రాయడమే కాక అక్కడికక్కడే ఫిల్మ్‌ను తొలగించే అధికారం కూడా ట్రాఫిక్ పోలీసులకు ఇచ్చింది. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవారి విషయాన్ని మాత్రం ఒక కమిటీ పరిశీలించవచ్చని పేర్కొంది. కూడలిలో పోలీసు "ఫిల్మ్ అంటేనే నిషేధం" అని చెబుతున్నాడంటే ఈ తీర్పును దృష్టిలో పెట్టుకుని చెబుతున్నట్టే.

ఆ తర్వాత నిబంధనే మారింది. 100వ నిబంధనకు చేసిన సవరణ 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు "సేఫ్టీ గ్లాస్" అని మాత్రమే ఉన్నచోట "సేఫ్టీ గ్లాస్ లేదా సేఫ్టీ గ్లేజింగ్" అన్న మాట చేరింది. 2019 నాటి భారతీయ ప్రమాణం ప్రకారం సేఫ్టీ గ్లేజింగ్ అంటే లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న గాజు కూడా అవుతుంది. 70, 50 శాతం పరిమితులు మాత్రం అలాగే ఉన్నాయి. ఈ సవరణను ఆధారం చేసుకుని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, న్యాయమూర్తి ఎన్. నగరేష్ ఇచ్చిన తీర్పులో, నిబంధనలకు లోబడిన ఫిల్మ్ ఉన్న వాహనాలకు జరిమానా వేయకూడదని చెప్పింది. ఆ హక్కు కారు తయారుచేసే కంపెనీకే తప్ప యజమానికి లేదన్న వాదననూ తోసిపుచ్చింది. దుకాణదారు "ఇప్పుడు లీగలే సార్" అంటున్నాడంటే దీన్ని చూపించి అంటున్నట్టే.

మరి బెంగళూరులో మీ పరిస్థితి ఏమిటి? నిబంధన కేంద్రానిది కాబట్టి కర్ణాటకకూ ఆంధ్రకూ తెలంగాణకూ ఒకటే. మీ బండి ఏపీ నంబరుదైనా, టీజీ నంబరుదైనా, కేఏ నంబరుదైనా ఇందులో తేడా లేదు. "మా ఊళ్ళో ఎవరూ అడగలేదు" అన్న మాట కేఆర్ పురం కూడలిలో చెల్లదు. అయితే కేరళ హైకోర్టు తీర్పు కర్ణాటకలో ఆదరించదగిన ఉదాహరణే తప్ప ఇక్కడి పోలీసులను కట్టిపడేసే ఆదేశం కాదు. అందువల్ల పరిమితుల్లో ఉన్న లేత ఫిల్మ్ వేయించుకున్నవారికి చెప్పుకోవడానికి గట్టి వాదన ఉంటుంది, కానీ ఆపరన్న హామీ ఉండదు. పరిమితి దాటిన ఫిల్మ్ వేయించుకున్నవారికైతే ఏ తీర్పు ప్రకారం చూసినా వాదనే లేదు.

ఒక్క శాతం కూడా రిస్కు వద్దనుకునేవారు ఫిల్మ్ మాట మరచిపోయి, దీని తర్వాత చెప్పబోయే ఫిల్మ్ లేని ఉపాయాలతో సరిపెట్టుకోవచ్చు. ఏ పేచీ లేని దారి అదే. చర్మవ్యాధికి డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్ చూపిస్తే ముదురు ఫిల్మ్‌కు అనుమతి వస్తుందని కొందరు చెబుతారు. 100వ నిబంధనలో అలాంటి మినహాయింపు లేదు. అలాంటి ఇబ్బంది ఉన్నవారు నల్ల ఫిల్మ్ కన్నా దాదాపు రంగే లేని యూవీ ఫిల్మ్ గురించి ఆలోచించడం మేలు. యూవీని ఆపడానికి నలుపు అవసరమే లేదు.

ఫిల్మ్ లేకుండానే తగ్గించగలిగినంత తగ్గించండి

నిలిపి ఉంచిన కారులోకి ఎండ ఎక్కువగా వచ్చేది ఏటవాలుగా, విశాలంగా ఉన్న ముందు అద్దం గుండానే. వెండిరంగు సన్ షేడ్‌ను లోపలి నుంచి ఆ అద్దానికి ఆనించి, సన్ వైజర్లతో నొక్కి పెట్టండి. షేడ్ అద్దానికి ఎంత దగ్గరగా ఉంటే వచ్చిన ఎండ అంత తేలికగా తిరిగి బయటకు పోతుంది. స్టీరింగ్ మీద, డ్యాష్‌బోర్డు మీద పరిచే గుడ్డ వల్ల చెయ్యి కాలకుండా ఉంటుంది కానీ కారు చల్లబడదు, ఎందుకంటే ఎండ అప్పటికే లోపలికి వచ్చేసింది.

ఆఫీసు ఆవరణలో బండి పెట్టేటప్పుడు మధ్యాహ్నం తర్వాత ఎండ ఏ వైపు నుంచి వస్తుందో ఊహించి, వెనుక భాగం పడమరకు ఉండేలా పెట్టడం మంచిది. సాయంత్రం బయలుదేరేటప్పుడు తలుపు తీయగానే ఏసీ వేసి అద్దాలు బిగించుకోవద్దు. లోపలి గాలి బయటి గాలి కన్నా ఎంతో వేడిగా ఉంటుంది కాబట్టి, మొదట అద్దాలన్నీ దించి ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆ వేడిని బయటకు పోనివ్వండి. ఆ తర్వాతే అద్దాలు ఎత్తి, ఏసీని లోపలి గాలి తిరిగే పద్ధతిలో పెట్టండి.

స్కూటర్ల మీద వెళ్ళేవారు వేసుకునే నూలు చేతి తొడుగులు కారు నడిపేవారికీ పనికొస్తాయి. కుడిచేయి మాత్రమే నల్లబడుతోందని బాధపడేవారికి దీనికి మించిన చవక ఉపాయం లేదు. కొంచెం మొహమాటంగా ఉంటుందంటారా, సిగ్నల్ దగ్గర మిమ్మల్ని చూసేది తొడుగులు వేసుకున్న మరో పది మందే.

వెనుక సీట్లకు జాలీ షేడ్లూ కర్టెన్లూ వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2012 తీర్పులోని "మరే వస్తువైనా" అన్న మాటను పట్టుకుని కర్టెన్ల మీద కూడా చర్య తీసుకున్న సందర్భాలున్నాయి. కేరళ రవాణా శాఖ 2021 జనవరిలో ఆపరేషన్ స్క్రీన్ పేరిట చేసిన తనిఖీల్లో ఫిల్ములతో పాటు కర్టెన్లనూ పట్టుకున్నారు. కాబట్టి అద్దానికి అతికేవాటి కన్నా, తీసి మడిచి పెట్టుకోగలిగినవాటిని ఎంచుకోండి. బిడ్డ ముఖం మీద ఎండ పడుతున్నంత సేపు వాడి, ఆ తర్వాత తీసేయండి.

గుణకారం చేయండి, కూడిక కాదు

ఇక్కడే ఎక్కువమంది తప్పుదారి పడతారు. పక్క అద్దాలకు 50 శాతం కావాలి కదా అని 50 శాతం ఫిల్మ్ అడుగుతారు. ఫిల్మ్ మీద రాసి ఉన్న శాతం ఆ ఫిల్మ్ ఒక్కదానిదే. అది అతికేది గాజు మీద. ఆ గాజు అప్పటికే కొంత వెలుగును ఆపుతోంది. రెండింటినీ గుణించాలి.

మీ డోరు అద్దం 76 శాతం వెలుగును పంపుతోందనుకోండి. దాని మీద 50 శాతం ఫిల్మ్ వేస్తే చివరికి లోపలికి వచ్చేది 38 శాతమే, అంటే పరిమితికి చాలా దిగువన. అదే గాజు మీద 70 శాతం ఫిల్మ్ వేస్తే 53.2 వస్తుంది, చెల్లుతుంది. గాజే 70 శాతంది అయితే 70 శాతం ఫిల్మ్ వేసినా 49 వచ్చి, ఒక్క శాతం తేడాతో చట్టం తప్పుతుంది. మీటరుకు మీటరుకు కొంచెం తేడా వస్తుంది కాబట్టి, 50కి సరిగ్గా ఆనేలా కాక మూడు నాలుగు శాతం వెసులుబాటు ఉండేలా ఎంచుకోండి.

ముందు అద్దం లెక్క ఇంకా బిగువు. గాజు 78 ఉంటే 90 శాతం ఫిల్మ్‌తో 70.2 వస్తుంది, గాజు 76 ఉంటే అదే ఫిల్మ్‌తో 68.4కు పడిపోతుంది. అంత ఖరీదు పెట్టి, అంత సన్నని గీత మీద నడవడం ఎందుకన్నది నా ప్రశ్న. యూవీని ఆపే పని ఆ అద్దం ఎలాగూ చేస్తోంది, నిలిపినప్పుడు వేడిని ఆపే పని సన్ షేడ్ చేస్తుంది. ముందు అద్దాన్ని దాని మానాన దాన్ని వదిలేయండి. వెనుక అద్దానికీ అదే 70 లెక్క కాబట్టి చాలా కార్లలో దాన్నీ వదిలేయడమే సబబు.

చట్టం సంగతి పక్కన పెట్టినా, అపార్ట్‌మెంట్ బేస్‌మెంటులోంచి ర్యాంపు ఎక్కేటప్పుడూ, వాన పడుతున్న రాత్రి ఎడమవైపు నుంచి దూసుకొచ్చే డెలివరీ స్కూటరును చూడాల్సి వచ్చినప్పుడూ ముదురు ఫిల్మ్ అసలు రూపం బయటపడుతుంది. సైడు మిర్రరు కారు బయట ఉన్నా, దాన్ని మీరు చూసేది డోరు అద్దం గుండానే.

ఏ ఫిల్మ్ కొనాలి

ఎండలో మనకు చేరే శక్తిలో సుమారు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలది. కనిపించే వెలుగు వాటా కాస్త అటూ ఇటూగా 44 శాతం. మిగిలిన కొద్దిపాటి భాగం అతినీలలోహితానిది. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. 70 శాతం వెలుగును పంపే ఫిల్మ్ ఎంత గొప్పదైనా, ఆ 44లో 70 శాతాన్ని, అంటే మొత్తం శక్తిలో ముప్పై శాతానికి పైగా, లోపలికి పంపక తప్పదు. కాబట్టి లేత ఫిల్మ్ చేతిలో పెట్టి "తొంభై తొమ్మిది శాతం వేడి ఆపుతుంది సార్" అని ఎవరైనా అంటే, అది పరారుణ కిరణాల్లో ఒక చిన్న ముక్కను మాత్రమే కొలిచి చెప్పిన అంకె అయి ఉంటుంది.

దుకాణంలో ఒక ఎర్రటి హీట్ ల్యాంపు వెలిగించి, ఫిల్మ్ అతికించిన గాజు ముక్కను అడ్డం పెట్టి, వెనుక చెయ్యి పెట్టమంటారు. చెయ్యి చల్లగానే ఉంటుంది. అయితే ఆ చెయ్యిని వెంటనే తీయకుండా కొన్ని నిమిషాలు అక్కడే ఉంచి, ఆ తర్వాత గాజును ముట్టుకుని చూడండి. గాజు కాలుతుంటే ఆ ఫిల్మ్ వేడిని తిప్పికొట్టడం లేదు, మింగుతోంది. మింగిన వేడిలో కొంత మళ్ళీ లోపలికే వస్తుంది. హైవే మీద వేగంగా పోతున్నప్పుడు గాలి ఆ వేడిని బయటి నుంచి లాగేస్తుంది. మారతహళ్ళి వంతెన కింద అరగంట కదలకుండా నిలబడ్డప్పుడు లాగేవారు ఉండరు.

అందుకే బ్రోషరులో పరారుణ శాతాన్ని కాక టీఎస్‌ఈఆర్ అనే అంకెను చూడండి. మొత్తం సౌరశక్తిలో ఎంత భాగాన్ని ఫిల్మ్ బయటే ఆపుతుందో అది చెబుతుంది. రెండు ఫిల్ములను పోల్చేటప్పుడు వీఎల్‌టీ సమానంగా ఉన్న వాటినే పోల్చాలి, లేకపోతే ముదురుది ఎప్పుడూ గెలిచినట్టే కనిపిస్తుంది. ఏ గాజు మీద కొలిచారో కూడా చదవండి, ఎందుకంటే బ్రోషరు గాజూ మీ కారు గాజూ ఒకటి కాదు.

రకాల విషయానికొస్తే, రంగు అద్దిన చవక ఫిల్ములు రెండు మూడు ఎండాకాలాలకే ఊదా రంగుకు తిరుగుతాయి, వేడిని పెద్దగా ఆపవు. లోహపు పూత ఉన్నవి వేడిని బాగానే తిప్పికొడతాయి కానీ రేడియో తరంగాలనూ అడ్డుకుంటాయి. జీపీఎస్, ఫోను సిగ్నలు బలహీనపడతాయి. ముందు అద్దానికి వేయిస్తే 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఫాస్టాగ్ చదవడానికి కూడా ఇబ్బంది పెడుతుంది. సిరామిక్ ఫిల్ములకు ఈ సమస్య లేదు. లేత రంగులోనే పరారుణ కిరణాలను ఎక్కువగా ఆపేవి అవే. ఖరీదు మాత్రం రంగు ఫిల్ముకు ఎన్నో రెట్లు ఉంటుంది. రెండు ముందు డోర్లకు మంచి సిరామిక్ వేయించి మిగతావి వదిలేయడం, చవక ఫిల్మ్‌ను కారంతా చుట్టించడం కన్నా ఎంతో మేలు.

దుకాణంలో మీరు దగ్గరుండి చూడాల్సినవి

"పోలీసోళ్ళు ఏమనరు సార్, అందరూ వేయిస్తున్నారు" అని తమిళం కలిసిన తెలుగులో చనువుగా చెప్పే మాటకు చిరునవ్వు నవ్వి, మీ కాగితం మీది కొలతలు తీయండి. మీరు ఎంచుకున్న ఫిల్మ్ చిన్న ముక్కను మీ డోరు అద్దం మీద పెట్టించి, రెండూ కలిపి మీటరుతో కొలిపించండి. అంకె నచ్చాకే రోలు విప్పనివ్వండి. డబ్బా మీది పేరూ రోలు మీది పేరూ ఒకటేనా అని చూసుకోండి.

పని మొదలయ్యాక రెండు చోట్ల జాగ్రత్త అవసరం. మొదటిది నీళ్ళు. సబ్బునీళ్ళు చల్లి ఫిల్మ్ జరుపుతారు కాబట్టి, పవర్ విండో స్విచ్చుల మీద పొడి తువ్వాలు కప్పమని ముందే చెప్పండి. రెండోది బ్లేడు. ఫిల్మ్‌ను గాజు మీదే పెట్టి కోసే అలవాటు కొందరికి ఉంటుంది, దానివల్ల గాజు మీదా రబ్బరు అంచుల మీదా గీతలు పడతాయి. మీ మోడల్ కొలతలకు ముందే కత్తిరించిన ఫిల్మ్ తెప్పించమని అడగండి. అద్దాన్ని రెండు వేళ్ళ మందం దించి పై అంచును చూసినప్పుడు ఫిల్మ్ గాజు అంచుతో దాదాపు సమంగా, వంకరలు లేకుండా ఉంటే పనివాడి చేయి మంచిదన్నమాట.

మూడు నాలుగు రోజుల పాటు అద్దాలు దించవద్దు. మొదట్లో అక్కడక్కడా మసకగా కనిపించే నీటి చారలు ఆరేకొద్దీ పోతాయి, వానాకాలంలో అయితే ఇంకొంత ఆలస్యం అవుతుంది. గరుకుగా తగిలే దుమ్ము బుడిపెలు మాత్రం ఎన్నాళ్ళకీ పోవు. బండి తీసుకోక ముందే వాటిని చూపించి మళ్ళీ వేయించుకోండి. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనరు వాడితే ఫిల్మ్ పాడవుతుంది కాబట్టి మెత్తని గుడ్డా మామూలు నీళ్ళూ చాలు.

బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. ఫిల్మ్ పేరు, మోడల్ సంఖ్య, వీఎల్‌టీ, బండి నంబరు, తేదీ అందులో ఉండాలి. భారతీయ ప్రమాణానికి సరిపోతుందన్న కంపెనీ పత్రం ఉంటే దాని నకలూ అడగండి. వేసిన తర్వాత మీటరు చూపిన అంకెను ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి.

ఆపితే ఏం చేయాలి

బండిని పక్కకు తీసి, నాలుగు అద్దాలూ దించి, లోపలి దీపం వెలిగించండి. అద్దాలు దించకుండా మాట్లాడడమే సగం గొడవలకు మూలం. వచ్చిన అధికారికి బిల్లూ కొలత ఫోటో చూపించి, పక్క అద్దాలు 50 శాతానికి పైనే ఉన్నాయని నెమ్మదిగా చెప్పండి. కన్నడంలో ఒక ముక్క వచ్చినా అక్కడ వాడండి, మీ అంకెల కన్నా అది ముందు పనిచేస్తుంది. మీటరు ఉంటే కొలవమని అడగవచ్చు. అయినా ఒప్పుకోకపోతే రోడ్డు మీద తీర్పుల గురించి వాదించవద్దు. మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద మొదటిసారి జరిమానా 500 రూపాయల వరకు, మళ్ళీ దొరికితే 1500 వరకు ఉంటుంది. చలానా తీసుకుని, అది అన్యాయమనిపిస్తే కోర్టులో చెప్పుకునే హక్కు మీకు ఉంది. రసీదు లేని డబ్బు మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు.

పాత కారు కొన్నవారికి

సెకండ్ హ్యాండ్ కారు ముదురు ఫిల్మ్‌తో వస్తే, ఎవరు వేయించారన్నది పోలీసు అడగడు, నడుపుతున్నవారే బాధ్యులు. తీయడం ఇంట్లోనే చేసుకోవచ్చు. డోరు అద్దం మీద హెయిర్ డ్రయరుతో ఒక మూల వేడి చేసి, గోటితో అంచు లేపి, వేడి చేస్తూనే నిదానంగా కిందికి లాగండి. తొందరపడితే ఫిల్మ్ చిరిగి జిగురు మొత్తం గాజుకే మిగిలిపోతుంది. మిగిలిన జిగురును సబ్బునీళ్ళతో నానబెట్టి ప్లాస్టిక్ స్క్రేపరుతో గీకాలి, మొండిగా ఉన్నచోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో రుద్దాలి.

వెనుక అద్దం మీద మాత్రం సొంతంగా ప్రయోగం చేయవద్దు. దాని లోపలి వైపు అడ్డంగా కనిపించే సన్నని గోధుమరంగు గీతలు అద్దం మీద పట్టిన ఆవిరి మసకను పోగొట్టే డీఫాగర్ తీగలు. బ్లేడు తగిలినా, ఫిల్మ్‌ను విసురుగా లాగినా ఒక గీత తెగుతుంది, ఆ గీత వేడెక్కడం మానేస్తుంది. ఆవిరి యంత్రం ఉన్న దుకాణానికి తీసుకెళ్ళి, పని మొదలుపెట్టే ముందు డీఫాగర్ వేసి పనిచేస్తోందని ఇద్దరూ చూసుకుని, తీసిన తర్వాత మళ్ళీ ఒకసారి వేసి చూసి, ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి.